డ్యామ్ కట్టిన కూలీ పేరు ఏ పుస్తకంలో ఉంది?



హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌కు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. నదికి అటు నిజాం రాజ్యం, ఇటు మద్రాసు రాష్ట్రం. మన బళ్ళారి అప్పుడు మద్రాసు కిందే ఉండేది. 1953లో నీళ్లు నిలిచాయి. సుర్కీ కలిపిన మాలుతో రాయి మీద రాయి పేర్చిన కట్టడం అది. మద్రాసు వైపు ఇంజనీరు తిరుమలై అయ్యంగార్ పేరు మనకు తెలుసు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

డ్యాములు, కాలువల పనులకు పాలమూరు జిల్లా నుంచి కూలీలు గుంపులుగా పోవడం పాత సంగతే. మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతాడు. ఆఫీసుకు కాంట్రాక్టరు తెలుసు, కాంట్రాక్టరుకు మేస్త్రీ తెలుసు. కూలీ పేరు మాత్రం మేస్త్రీ చిన్న పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం పోతే పని చేసిన సాక్ష్యమే పోయినట్టు.

ఇలా నడుమ మనిషి ఉంటే ఎంత పోతుందో 1982లో సుప్రీంకోర్టు ముందు లెక్కతో సహా తేలింది. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కట్టడాల దగ్గర కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదార్లు తలకు రూపాయి పట్టుకుని మిగతాదే చేతిలో పెట్టేవారు. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే అని కోర్టు చెప్పింది.

మా రైల్వేలో కూడా లైన్ల పనికి పెట్టుకున్న క్యాజువల్ కూలీలను పని అయిపోగానే తీసేసేవారు. కానీ వాళ్లను పెట్టుకున్నది నేరుగా రైల్వేనే. పేర్లు మస్టర్ రోల్‌లో ఉండేవి. 1985లో ఇందర్ పాల్ యాదవ్ కేసులో, 360 రోజులు విడవకుండా పని చేసిన ప్రాజెక్టు కూలీలను టెంపరరీ ఉద్యోగులుగా తీసుకునే స్కీముకు సుప్రీంకోర్టు ముద్ర పడింది. ఆ రోజులు లెక్కపెట్టాలంటే కాగితమే కదా ఆధారం! గుమాస్తా రాసిన ఒక్క గీత ఒక కుటుంబానికి అన్నం పెట్టింది.

మేస్త్రీ లేకుండా పని నడవదంటారు. నిజమే, అతను మనుషుల్ని కూడగడతాడు, పని నేర్పుతాడు. దానికి అతని కూలి అతనికిద్దాం. మిగతావాళ్ల కూలి అతని జేబులోంచి పోనక్కర్లేదు.

మనలో ఇల్లు కట్టించేవాళ్లు, రిపేర్లు చేయించేవాళ్లు ఉన్నారు. అందరికీ మా మనవి ఇది. పనికొచ్చిన ప్రతి మనిషి పేరు, రోజులు మీరే రాసుకోండి. ఎవరి కూలి వాళ్ల చేతికే ఇవ్వండి. భార్యాభర్తలు కలిసి వస్తే ఆమె పేరు, ఆమె కూలి విడిగా రాయండి. 1996 చట్టం కింద వచ్చిన సంక్షేమ బోర్డులో చేరాలంటే ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు చూపించాలి. మీ దగ్గర చేసిన రోజులకు కాగితం అడిగితే పుస్తకం చూసి రాసివ్వండి. ఇంట్లో పని జరుగుతుంటే ఈ రాత్రే ఒక నోటు పుస్తకం తీయండి.