పాత ఛాయాచిత్రములలో యాజక వస్త్రములు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది. నాటి నుండి నేటాలు తోటలకు వచ్చిన మన పూర్వికులలో క్రైస్తవులును ఉండిరి. ఓడ పట్టీలలో కులము గడిలో వారిలో పలువురికి ‘క్రైస్తవుడు’ అని మాత్రమే వ్రాసియున్నది. ఏ సంఘమో తెలియనిదే వారి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను ఎక్కడ వెదకవలెనో తెలియదు. ఇంట మిగిలిన ఛాయాచిత్రములోని పాదిరిగారి దుస్తులు ఈ చిక్కును కొంత విడదీయగలవు.

రోమను కతోలిక గురువు దివ్యబలిపూజలో పాదముల వరకు దిగు తెల్లని ఆల్బ్ తొడిగి, నడుమునకు త్రాడు కట్టి, మెడలో స్టోల్ అను పొడవాటి పట్టీ వేసికొని, వాటిపై చేతులు లేని చాజుబుల్ ధరించును. ఇవి ప్రాచీన రోమనుల దుస్తుల నుండి వచ్చినవి. లోకుల వేషము మారినను యాజకులు పాత తీరునే నిలుపుకొనిరి. పండుగలకు తెలుపు, హతసాక్షుల దినములకు ఎరుపు, తపస్సు కాలమునకు ఊదా, సాధారణ దినములకు ఆకుపచ్చ వాడుదురు. నలుపు తెలుపు చిత్రములో రంగు తెలియదు గనుక ఆకారమునే చూడవలెను.

ఆంగ్లికను పాదిరి నల్లని నిలువుటంగీపై వెడల్పు చేతుల తెల్లని సర్‌ప్లిస్ ధరించును. దానిపై ఇరుప్రక్కల వ్రేలాడు నల్లని వెడల్పాటి పట్టీ ఉన్నచో ఆంగ్లికను అని తలచుటకు బలము కలదు. సర్‌ప్లిస్ ఒక్కటే చాలదు. కతోలిక గురువు సహితము జ్ఞానస్నానమిచ్చునప్పుడు దానిని ధరించును.

బాప్తిస్టులలో పూజావస్త్రముల ఆచారము లేదు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టుల పక్షమున నేటాలుకు వచ్చిన రెవరెండు జాన్ రంగయ్యగారు స్థాపించిన తెలుగు సంఘములు ఈ సంప్రదాయమునకు చెందినవే. వారి కాపరి మామూలు కోటుతోనే కనబడవచ్చును. వారు శిశువులకు బాప్తిస్మమీయరు. నమ్మి వచ్చిన పెద్దవారిని నీట ముంచి ఇత్తురు. కావున వారి రిజిస్టరులోని బాప్తిస్మపు తేదీని పుట్టిన కాలమునకు గుర్తుగా తీసికొనరాదు.

దుస్తులతోపాటు ఇంటి మాటను కూడ గమనింపవలెను. తెలుగు కతోలికులు ‘జ్ఞానస్నానము’ అందురు, ప్రొటెస్టంటులు ‘బాప్తిస్మము’ అందురు. ఆ మాట గుర్తున్న పెద్దలు మన మధ్య ఉండగనే అడిగి, చిత్రము ప్రక్కన వ్రాసి ఉంచుదము.