కోరల్లేని వాల్రస్‌లు

వాల్రస్ అనగానే గుబురు మీసాలూ, రెండు పొడవాటి కోరలూ, చుట్టూ మంచూ గుర్తొస్తాయి. ఆ కుటుంబంలో ఇవాళ మిగిలింది ఒక్క జాతే. ఇంట్లో మనవడొక్కడే మిగిలితే, తాతముత్తాతల పోలికలన్నీ వాడి మొహంలోనే వెతుక్కుంటాం కదా. వాల్రస్ విషయంలోనూ మనం చేసేది అదే.

రాళ్ళలో దొరికిన ఎముకల లెక్క వేరు. కోటిన్నర ఏళ్ళ కిందట పసిఫిక్ తీరంలో తిరిగిన తొలి వాల్రస్‌లకి కోరలు లేవు. చూడ్డానికి సీ లయన్‌లా ఉండేవి.

వీటిలో నన్ను పట్టుకు వదలనిది పెలాజియార్క్టస్ కథ. కాలిఫోర్నియాలో, బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి షార్క్‌టూత్ హిల్‌లో దొరికిన దవడ ముక్కా, కొన్ని పళ్ళూ చూసి 1988లో లారెన్స్ బార్న్స్ దీనికి పేరు పెట్టాడు. దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి, పళ్ళు మొనదేలి ఉన్నాయి. పక్షుల్నీ, తోటి సముద్ర క్షీరదాల్నీ తినేదేమో అన్నాడాయన. ఇంకేముంది, అది 'హంతక వాల్రస్' అయి కూర్చుంది.

2013లో రాబర్ట్ బోసెనెకర్, మోర్గన్ చర్చిల్ అంతకన్నా మెరుగైన దవడనొకదాన్ని పరిశీలించారు. జంతువు పెద్దదే, సుమారు 350 కిలోలు. కానీ అలాంటి పళ్ళు దాని చుట్టాలకీ ఉన్నాయి. పెద్ద జంతువుల్నే ప్రత్యేకంగా వేటాడిందనడానికి ఆధారం లేదు, ఎక్కువగా చేపలే తిని ఉంటుందని తేల్చారు. బార్న్స్‌ని తప్పుపట్టాలని నాకనిపించదు. చేతిలో ఉన్నది అంతే, ఆయన అన్నదీ 'కావచ్చు' అనే. రెండు శాంపిళ్ళతో గ్రాఫ్ గీసేయడం మా ఆఫీసులో రోజూ చూస్తూనే ఉంటాను. నా కోపమల్లా ఆ 'కావచ్చు'ని మింగేసి 'హంతక'ని మాత్రం ఉంచుకున్న వాళ్ళ మీద.

అసలు వింతలు వేరే ఉన్నాయి. గోంఫోటారియాకి పై దవడలోనే కాదు, కింది దవడలోనూ కోరలున్నాయి. శాన్ డియేగో పక్కన చులా విస్టాలో దొరికిన వాలెనిక్టస్‌కైతే రెండు కోరలు తప్ప నోట్లో ఒక్క పన్నూ లేదు! నమలకుండా ఎలా బతికిందంటారా? ఇప్పటి వాల్రస్ కూడా గుల్లల్ని కొరకదు, నాలుకని పిస్టన్‌లా వెనక్కి లాగి లోపలి మాంసాన్ని పీల్చేస్తుంది. వాలెనిక్టస్‌దీ అదే పద్ధతి కావచ్చు. పైగా అది బతికింది మంచులో కాదు, దక్షిణ కాలిఫోర్నియా తీరంలో.

2018లో పేరు పెట్టిన టైటనోటారియాకి దాదాపు పూర్తి అస్థిపంజరమే దొరికింది. దాని వయసు అరవై లక్షల ఏళ్ళు అటూ ఇటూ. ఆరెంజ్ కౌంటీలో, నాలుగు కోరల గోంఫోటారియా దొరికిన కాపిస్ట్రానో రాతిపొరల్లోనే ఇదీ బయటపడింది. దీనికి మాత్రం కోరలు లేవు.