గాయపడిన సైనికుడికి కాలేజీ చదువు

అమెరికా అంతర్యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్న సైనికులకు ప్రభుత్వం పింఛను ఇచ్చింది, కొయ్యకాళ్లు చేయించింది. గాయపడిన సైనికులను చదివించే బాధ్యత తనదేనని ఒప్పుకున్నది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే. 1918 జూన్ 27న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకం చేసిన స్మిత్-సియర్స్ చట్టం కింద వికలాంగ సైనికులకు ప్రభుత్వ ఖర్చుతో కొత్త వృత్తి నేర్పించారు. శిక్షణ కాలంలో జీవనభృతి కూడా ఇచ్చారు. అమలు బాగా సాగలేదు. 1921లో ఏర్పడ్డ వెటరన్స్ బ్యూరోకు మొదటి అధిపతి అయిన చార్లెస్ ఫోర్బ్స్, ప్రభుత్వాన్ని మోసగించే కుట్రలో దోషిగా తేలి జైలుపాలయ్యాడు. సైనికుల పేరిట కేటాయించిన డబ్బు అలా పక్కదారి పట్టడం క్షమించరానిది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1943 మార్చి 24న, పబ్లిక్ లా 16 వచ్చింది. మాజీ సైనికుల చదువుకు సాయం చేసిన 1944 నాటి జీఐ బిల్లును అందరూ తలుచుకుంటారు గానీ, గాయపడినవారి చట్టం దానికన్నా ఏడాదికి పైగా ముందుది. సైనిక సేవలో కలిగిన వైకల్యానికి పింఛను అర్హత ఉండి, ఉద్యోగానికి శిక్షణ అవసరమైనవారికి ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, పనిముట్ల ఖర్చును ప్రభుత్వమే భరించింది. అయితే ఏ కోర్సు చదవాలన్నది సలహాదారులతో కలిసి, ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని తేల్చుకోవాలి.

ఫీజు కట్టినంత మాత్రాన చదువు చేతికందలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవాడికి కాలేజీ మెట్లే అడ్డుగోడ. ఆ అడ్డు తొలగిన కథ ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్‌లో మొదలైంది. అక్కడ ఖాళీ అయిన సైనిక ఆసుపత్రిలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1946లో ఒక శాఖ తెరిచింది. ఆసుపత్రి కోసం కట్టిన భవనాలు గనుక చక్రాల కుర్చీలు సాఫీగా తిరిగేవి. స్వయంగా మాజీ సైనికుడైన టిమ్ న్యూజెంట్ అక్కడ వికలాంగ విద్యార్థుల కార్యక్రమం ప్రారంభించాడు. 1949లో ఆ శాఖను మూసేస్తామన్నప్పుడు విద్యార్థులు రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి చక్రాల కుర్చీల్లోనే నిరసన తెలిపారు. ప్రధాన ప్రాంగణానికి వెళ్లి, మెట్ల మీద చెక్కపలకలు పరిచి, తాము లోపలికి వెళ్లగలమని చూపించారు. విశ్వవిద్యాలయం మొదట ఇష్టం లేకుండానే, ప్రయోగంగా వాళ్లను చేర్చుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ ర్యాంపులు, లిఫ్టు అమర్చిన బస్సులు వచ్చాయి. ఈ మార్పుకు దారి తీసింది చట్టసభ కాదు, ఆ విద్యార్థుల పట్టుదల.

పబ్లిక్ లా 16 కింది చదువు సాయం 1950లో కొరియా యుద్ధ సైనికులకూ అందింది. సైనికుల పిల్లల విషయానికొస్తే, తండ్రిని కోల్పోయినవారి చదువుకు 1956లో సాయం మొదలైంది. తండ్రి శాశ్వతంగా, పూర్తిగా వికలాంగుడైతే ఆ పిల్లలకూ 1964 నుంచి అది వర్తించింది. కేంద్ర నిధులు పొందే ఏ సంస్థా వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని 1973 పునరావాస చట్టం నిర్దేశించింది. గేల్స్‌బర్గ్ విద్యార్థుల పోరాటం ముగిసి అప్పటికి 24 ఏళ్లు.

వికలాంగ మాజీ సైనికులకు ఉద్యోగ లక్ష్యంతో సాగే చదువుకు నేడు సాధారణంగా 48 నెలల వరకు ట్యూషన్, పుస్తకాల ఖర్చును అమెరికా ప్రభుత్వం చెల్లిస్తోంది.