తెలుగు పాఠ్యపుస్తకాలలో గణిత పరిభాష

తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలలో గణిత భావనలను సూచించడానికి వాడే సాంకేతిక పదాలను, వాటి నిర్వచనాలను కలిపి గణిత పరిభాష అంటారు. ఈ పదాలలో ఎక్కువ భాగం సంస్కృతం నుండి వచ్చినవి. కొన్ని అచ్చ తెలుగు పదాలు, కొన్ని వ్యవహారంలో స్థిరపడిన పదాలు. పాఠ్యపుస్తకం ఒక పదాన్ని ఏ అర్థంలో వాడుతుందో, విద్యార్థి దానిని ఏ అర్థంలో గ్రహిస్తాడో అనే రెండింటి మధ్య ఉండే దూరం గణిత విద్యలో ఒక ముఖ్యమైన అధ్యయన విషయం. ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో తెలుగు, కోయ, ఉర్దూ, లంబాడీ భాషలు మాట్లాడే కుటుంబాల పిల్లలు ఒకే గణిత పుస్తకం చదువుతారు కనుక అక్కడ ఈ విషయానికి ప్రాధాన్యత మరింత ఎక్కువ.

చరిత్ర

తెలుగులో గణిత రచన చాలా పాతది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి అనువదించాడు. మల్లనను 11వ శతాబ్దానికి చెందిన కవిగా భావిస్తారు.

ఆధునిక విద్య విషయంలో ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల చరిత్రలు వేరు. ఖమ్మం నిజాం పాలనలో వరంగల్ జిల్లాలో భాగంగా ఉండేది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించింది. దానికి కావలసిన శాస్త్ర పదాలను, పుస్తకాలను అంతకు ఒక ఏడాది ముందు ఏర్పడిన అనువాద సంస్థ తయారు చేసింది. భద్రాచలం తాలూకా మాత్రం మద్రాసు రాష్ట్రంలోను, తరువాత ఆంధ్ర రాష్ట్రంలోను ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడగా, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి అందులో కలిశాయి. ఆ విధంగా గోదావరికి ఇరువైపులా వేర్వేరు బోధనా సంప్రదాయాలు గల ప్రాంతాలు ఒకే జిల్లా అయ్యాయి. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

1968లో హైదరాబాదులో స్థాపించబడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలను, వివిధ శాస్త్రాల పారిభాషిక పదకోశాలను ప్రచురించి ఉన్నత విద్యలో తెలుగు గణిత పదాలు స్థిరపడడానికి తోడ్పడింది.

వాడుక అర్థం, గణిత అర్థం

అనేక గణిత పదాలకు వాడుకలో వేరే అర్థం ఉంది. విద్యార్థి మొదట వాడుక అర్థాన్నే గుర్తు చేసుకుంటాడు. కొన్ని ఉదాహరణలు:

* ప్రధాన సంఖ్య: వాడుకలో ప్రధాన అంటే ముఖ్యమైన అని అర్థం (ప్రధాన మంత్రి, ప్రధాన రహదారి). గణితంలో సరిగ్గా రెండు వేర్వేరు కారణాంకాలు గల సహజ సంఖ్య.
* సమితి: వాడుకలో సంఘం (ఐక్యరాజ్య సమితి, పంచాయతీ సమితి). సభ్యులు లేని సంఘం ఉండదు కాబట్టి శూన్యసమితి అనే మాట వింతగా తోస్తుంది.
* ప్రమేయం: వాడుకలో జోక్యం లేదా సంబంధం. గణితంలో ఒక సమితిలోని ప్రతి మూలకానికి మరొక సమితిలోని ఒకే ఒక మూలకాన్ని జతపరిచే నియమం.
* వ్యాసం: తెలుగు వాచకంలో ఒక రచన, గణిత పుస్తకంలో వృత్త కేంద్రం గుండా పోయే జ్యా.
* హారం: వాడుకలో మెడలో వేసుకునే దండ, భిన్నంలో గీత కింది సంఖ్య.
* కర్ణం: సంస్కృతంలో చెవి. తెలుగు పుస్తకాలలో లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజానికి, చతుర్భుజంలో ఎదుటి శీర్షాలను కలిపే రేఖాఖండానికి కూడా ఇదే పేరు.

పదం పేరు దారి తప్పించే సందర్భాలు

కొన్ని పదాలలో పేరు ఒక దారి చూపితే నిర్వచనం మరొక దారి చూపుతుంది. దీర్ఘచతురస్రం అనే మాటకు పొడవైన చతురస్రం అని అర్థం వస్తుంది. పేరును బట్టి చూస్తే అది చతురస్రంలో ఒక రకం. కాని నిర్వచనం ప్రకారం నాలుగు కోణాలూ లంబకోణాలైన ప్రతి చతుర్భుజం దీర్ఘచతురస్రమే, కనుక చతురస్రమే దీర్ఘచతురస్రంలో ఒక రకం అవుతుంది. చతురస్రం దీర్ఘచతురస్రం కాదని విద్యార్థులు అనడం అనేక దేశాల అధ్యయనాలలో కనిపించింది. తెలుగులో పదం నిర్మాణం కూడా ఆ భావనను బలపరుస్తుంది.

క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) విషయం కూడా ఇటువంటిదే. 12, 18 సంఖ్యలకు క.సా.గు. 36, గ.సా.భా. 6. కనిష్ఠం అన్నది పెద్దదిగా, గరిష్ఠం అన్నది చిన్నదిగా వస్తుంది. గుణిజాలు అనంతంగా పెరుగుతాయి కనుక వాటిలో కనిష్ఠాన్ని, భాజకాలు పరిమితం కనుక వాటిలో గరిష్ఠాన్ని వెదుకుతామని తెలిసినప్పుడు మాత్రమే ఈ చిక్కు విడిపోతుంది. పొడి అక్షరాలు మాత్రమే గుర్తుపెట్టుకున్న విద్యార్థికి ఆ కారణం అందదు.

రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా వ్రాయగలిగే సంఖ్యలను అకరణీయ సంఖ్యలని, అలా వ్రాయలేని 2 యొక్క వర్గమూలం వంటి వాటిని కరణీయ సంఖ్యలని అంటారు. కరణి అనేది విడదీయరాని వర్గమూలానికి పాత పేరు. ఇక్కడ వ్యతిరేకార్థాన్ని ఇచ్చే ‘అ’ మొదటి రకానికి చేరింది. ఆంగ్లంలో వ్యతిరేక ఉపసర్గ రెండవ రకానికి చేరుతుంది (రేషనల్, ఇర్రేషనల్). తెలుగు మాధ్యమం నుండి ఆంగ్ల మాధ్యమానికి మారే విద్యార్థి ఉపసర్గను చూసి పోల్చుకుంటే రెండింటినీ తారుమారు చేసే అవకాశం ఉంది.

నిర్వచనాలను అర్థం చేసుకోవడం

నిఘంటువులోని వివరణ వస్తువును పరిచయం చేస్తుంది. గణిత నిర్వచనం ఏది ఆ కోవకు చెందుతుందో, ఏది చెందదో తేల్చివేస్తుంది. 1981లో డేవిడ్ టాల్, ష్లోమో విన్నర్ అనే పరిశోధకులు విద్యార్థి మనసులో ఉండే భావచిత్రానికి, పుస్తకంలోని నిర్వచనానికి మధ్య తేడాను వివరించారు. విద్యార్థి నిర్వచనాన్ని తప్పు లేకుండా అప్పగించి, లెక్క చేసేటప్పుడు మాత్రం తాను చూసిన బొమ్మలను బట్టి నిర్ణయించవచ్చు. లంబకోణ త్రిభుజాన్ని ఎప్పుడూ అడ్డగీత మీద నిలబెట్టి గీస్తే, పక్కకు తిప్పి గీసినప్పుడు దానిని గుర్తించడం కష్టమవుతుంది. అధికకోణ త్రిభుజంలో ఎత్తు త్రిభుజం బయట పడుతుందంటే నమ్మబుద్ధి కాదు.

1957లో డచ్ దంపతులు పియర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె-గెల్డాఫ్ రేఖాగణిత అవగాహనను ఐదు స్థాయిలుగా విభజించారు. ఆకారాన్ని చూసి గుర్తించడం మొదటిది, ధర్మాలను చెప్పడం రెండవది, ధర్మాల మధ్య సంబంధాన్ని గ్రహించడం మూడవది. ఒక ఆకారం మరొక దానిలో భాగమని ఒప్పుకోవడం మూడవ స్థాయిలో జరుగుతుంది.

నిర్వచనాలలోని చిన్న మాటలు కూడా ముఖ్యమే. తెలుగులో ఒక్క ప్రత్యయం వాక్యం సత్యాన్ని మార్చగలదు. ‘ఒక సంఖ్య 5తో భాగింపబడితే 10తో భాగింపబడుతుంది’ అన్నది అసత్యం, 15 దానికి సాక్ష్యం. ‘ఒక సంఖ్య 5తో భాగింపబడితేనే 10తో భాగింపబడుతుంది’ అన్నది సత్యం. అలాగే వాడుకలో ‘లేదా’ అంటే సాధారణంగా రెండింటిలో ఒకటే అని అర్థం, గణితంలో రెండూ కావచ్చు.

స్థానిక వ్యవహార గణితం

బడికి వెలుపల కూడా పిల్లలకు ఒక గణిత భాష ఉంది. ఖమ్మం ప్రాంతంలోని ఖానాపురం హవేలి వంటి చోట్ల ఇళ్ల స్థలాలను గజాలలో చెబుతారు. ‘రెండు వందల గజాల స్థలం’ అంటే 200 చదరపు గజాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలం వైశాల్యం 1,800 చదరపు అడుగులు, అనగా 200 చదరపు గజాలు. వాడుకలో ‘చదరపు’ అనే మాట జారిపోవడం వలన పొడవు ప్రమాణం, వైశాల్య ప్రమాణం ఒకే పేరుతో వినిపిస్తాయి. పొలం లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు.

వడ్డీ లెక్కలో తేడా ఇంకా పెద్దది. ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు 2 రూపాయలు, సంవత్సరానికి 24 శాతం. పాఠ్యపుస్తకంలో వడ్డీ రేటు 2 శాతం అంటే సాధారణంగా సంవత్సరానికి. 10,000 రూపాయల అప్పుపై ఒక ఏడాదికి బారువడ్డీ మొదటి లెక్కలో 2,400 రూపాయలు, రెండవ లెక్కలో 200 రూపాయలు. ఇంటి అప్పు పత్రాన్ని చదివి పెట్టే విద్యార్థికి ఈ తేడా తెలియకపోతే నష్టం కుటుంబానిదే.

భద్రాచలం అడవులలో వేసవిలో సేకరించే తునికాకును కట్టలుగా లెక్కిస్తారు. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు, అనగా 50,000 ఆకులు. గుణకారాన్ని, ప్రమాణం అనే భావనను పరిచయం చేయడానికి ఇది అనువైన ఉదాహరణ.

భిన్నాలను చదివే తీరులో కూడా భేదం ఉంది. ‘మూడింట రెండు వంతులు’ అనేటప్పుడు హారం ముందు వస్తుంది. ‘రెండు బై మూడు’ అనేటప్పుడు లవం ముందు వస్తుంది. మొదటి పద్ధతి భాగాల సంఖ్యను ముందే చెప్పడం వలన అర్థాన్ని సులభంగా సూచిస్తుంది, రెండవది వ్రాసే క్రమాన్ని అనుసరిస్తుంది.

ఇంటి భాష, బడి భాష

కోయ భాష గోండీకి దగ్గరి ద్రావిడ భాష. కోయ మాత్రమే తెలిసి బడిలో చేరే బిడ్డకు తెలుగు రెండవ భాష, ఆ తెలుగులోని సంస్కృత పరిభాష మరో మెట్టు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించింది. వాటిలో కోయ ఒకటి. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ బోధన సాధ్యమైనంత వరకు బిడ్డ మాతృభాషలో ఉండాలని పేర్కొంటుంది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరం నుండి 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. ఎదురెదురు పుటలలో తెలుగు, ఆంగ్లం గల ద్విభాషా పుస్తకాలు పంపిణీ చేయబడ్డాయి. ఒకే నిర్వచనాన్ని రెండు భాషలలో పోల్చి చూసే వీలు దీనివలన కలిగింది.

పరిభాషపై వాదాలు

సంస్కృత పదాలను సమర్థించేవారు వాటిలోని క్రమబద్ధతను చూపుతారు. త్రిభుజం, చతుర్భుజం, పంచభుజి, షడ్భుజి అనే వరుసలో ఒక పదం తెలిస్తే మిగిలినవి ఊహించవచ్చు, హిందీ, కన్నడ వంటి భాషలతో పోలిక కూడా కుదురుతుంది. తెలుగు పదాలను కోరేవారు కూడిక, తీసివేత, సగటు, చుట్టుకొలత వంటి మాటలు వివరణ లేకుండానే అర్థమవుతాయని అంటారు. కింది తరగతులలో కూడిక అని నేర్చినదే పై తరగతులలో సంకలనంగా మారడం వలన కొందరు పిల్లలు దానిని కొత్త ప్రక్రియగా భావిస్తారని వారి వాదన.

ఏ పదం ఎంచుకున్నా, దాని వ్యుత్పత్తిని చెప్పడం, నిర్వచనానికి సరిపోయే ఉదాహరణలతో పాటు సరిపోని వాటిని చూపడం, విద్యార్థి చేత నిర్వచనాన్ని సొంత మాటలలో చెప్పించి పరీక్షించడం ఉపయోగకరమైన పద్ధతులుగా గుర్తింపు పొందాయి. ఉదాహరణకు ‘1, అదే సంఖ్య తప్ప వేరే కారణాంకాలు లేనిది ప్రధాన సంఖ్య’ అనే నిర్వచనాన్ని ఇచ్చి 1 ప్రధాన సంఖ్య అవుతుందా అని అడిగితే, ఆ వాక్యం ప్రకారం అవుననే సమాధానం వస్తుంది. 1ని ప్రధాన సంఖ్యగా తీసుకుంటే 6ను 2×3 అని, 1×2×3 అని, 1×1×2×3 అని ఎన్ని విధాలుగానైనా ప్రధాన కారణాంకాల లబ్ధంగా వ్రాయవచ్చు, అప్పుడు ప్రతి సంయుక్త సంఖ్యకు ప్రధాన కారణాంకాల విభజన ఒకే విధంగా ఉంటుందనే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం నిలవదు. నిర్వచనంలో ‘సరిగ్గా రెండు’ అనే మాట ఎందుకు అవసరమో దీనివలన విద్యార్థికి తెలుస్తుంది.