మంచుదేశపు బండిచక్రము



మన గ్రామములలో అనేక గృహముల పిల్లలు నేడు సముద్రముల కావల శీతలదేశములలో కాపురములు చేయుచున్నారు. వారు ఫోనులో "ఇక్కడ మంచు పడుచున్నది" అందురు. మనము "చెవులకు గుడ్డ కట్టుకొనుము, కంబళి కప్పుకొనుము" అని చెప్పుదుము. వారి కారుచక్రములకు ఏమి తొడిగియున్నారో అడుగవలెనని మనకు తోచదు. నాకును 2022వ సంవత్సరము డిసెంబరు వరకు తోచలేదు.

ఆ నెలలో నేను కెనడా రాజధానియగు ఆటవాలో మా అమ్మాయి ఇంట నుంటిని. ఒకనాటి సాయంకాలము మా అల్లుడు నన్నును, ఐదేండ్ల మనుమరాలిని కారులో కూర్చుండబెట్టుకొని అంగడికి బయలుదేరెను. పల్లముగా దిగు వీధి చివర ఎర్రదీపము కనబడెను. అతడు బ్రేకు త్రొక్కెను. కాలిక్రింద ఏదియో టకటక కొట్టుకొనెనే గాని కారు నిలువలేదు. తడిపలకపై బలపము జారినట్లు దీపమును దాటి, నాలుగువీధుల కూడలి నడుమకు జారి, అవతల ప్రోగుచేసిన మంచుదిబ్బలో ముక్కు గ్రుచ్చి ఆగెను. అడ్డముగా వచ్చిన బస్సొకటి మా వెనుకనుండి పోయెను. ఎంత యెడముతో పోయినదో నేను చూడలేదు. మనుమరాలి తల నా ఒడిలో అదుముకొని కన్నులు మూసికొంటిని.

అల్లుని చేతులు వణకుచుండెను. "మామగారూ, ఇవి ఆల్ సీజన్ టైర్లండీ. అన్ని కాలములకు పనికివచ్చునని అమ్మినవాడు చెప్పినాడు" అనెను.

ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడను గనుక ఆ రాత్రి నిద్రపట్టక ఆ పేరునే త్రిప్పి త్రిప్పి చూచితిని. మన భాషలో చెప్పవలెనన్న అది "సర్వర్తు" టైరు. కాని పంకజమన్నంత మాత్రమున బురదలో పుట్టినవెల్ల పంకజములు కావు గదా! పేరులోని అవయవార్థమొకటి, లోకమున రూఢమైన అర్థమింకొకటి. ఈ పేరు ఎవరు, ఎప్పుడు, ఏ ఋతువులను తలచి పెట్టిరో తెలిసికొనవలెనని పించెను. అటుపై ఆ దేశపు గ్రంథాలయములలో నాలుగు వారములు గడపితిని. అక్కడ నేర్చినది నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన ఎడ్లబండి చక్రమునకు కమ్మరి ఇనుపపట్టాను కాల్చి ఎక్కించి, నీరు పోసి బిగించును. ఆ పట్టాకు వేసవి అన్నను చలికాలమన్నను ఒక్కటే. రబ్బరు అట్టిది కాదు. పచ్చిరబ్బరుతో చేసిన వస్తువులు ఎండకు జిగురుగా కరగుటయు, చలికి పెళుసై పగులుటయు పూర్వము పెద్ద బాధగా నుండెను. 1839లో అమెరికాలో చార్లెసు గుడ్‌ఇయరు అను నతడు గంధకము కలిపి కాచినచో రబ్బరు ఆ రెండు దోషములను చాలవరకు విడుచునని కనుగొనెను. కాబట్టి ఋతువులతోడి తగవు రబ్బరునకు పుట్టుకతో వచ్చినదే. తరువాత 1845లో రాబర్టు విలియం తామ్సను గాలి నింపిన చక్రమునకు హక్కుపత్రము పొందెను; దానిని లోకము మరచిపోగా, 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్‌లప్ దానిని మరల కనుగొనెను. 1895లో పారిసునుండి బోర్డోకు పోయి వచ్చిన పందెములో మిషెలిన్ సోదరులు గాలిటైర్లు తొడిగిన కారును నడిపిరి. ఇవన్నియు మంచి బాటల కథలు. మంచుబాట కథ వేరు.

మంచుదేశములలో తొలుత చేసిన ఉపాయము గొలుసు. 1904లో అమెరికాలో హారీ వీడ్ అను నతడు టైరుచుట్టు కట్టు ఇనుపగొలుసులకు హక్కు పొందెను. గొలుసు మంచును కరచి పట్టుకొనును. అయితే మంచులేని గట్టిబాటపై అది నేలను కొట్టుచు బండిని దడదడలాడించును. మంచు వచ్చినచోట దిగి కట్టవలెను, పోయినచోట దిగి విప్పవలెను. హిమాలయపు కనుమలలో నేటికిని మన లారీవారు ఈ గొలుసులనే వాడుచున్నారు. అక్కడ సైన్యములో పనిచేసి వచ్చినవారు మీ ఊరనుండినచో అడిగి చూడుడు, వ్రేళ్లు కొంకర్లుపోవుచుండగా గొలుసు కట్టుట ఎట్టి పనియో చెప్పుదురు.

ఇక అసలు కథ ఫిన్లండు దేశములోనిది. ఆ దేశమున నోకియా అను పట్టణము కలదు. మీలో పలువురు ఆ పేరుగల ఫోను చేతబట్టినవారే. ఫోనులకు చాల పూర్వము, 1904 మొదలు, ఆ యూర రబ్బరు కర్మాగారము నడచుచుండెను. 1934లో ఆ కర్మాగారమువారు లారీల కొరకు మంచుబాటకే ఉద్దేశించిన టైరు నొకదానిని చేసిరి. దానిపేరు కెలిరెంగాస్. కెలి యనగా వాతావరణమును బట్టి బాట యుండు స్థితి. రెంగాస్ యనగా వలయము. అడ్డముగా లోతైన గాళ్లు తీర్చుటచే అది మెత్తని మంచును త్రవ్వుకొనుచు పోగలిగెను. ప్రపంచమున ప్రత్యేకముగా శీతకాలమునకు చేయబడిన మొదటి టైరు అదియే యందురు. రెండేండ్లకు, 1936లో, చిన్నకార్లకు హక్కపెలీట్ట అను టైరును చేసిరి. పదునేడవ శతాబ్దమున ముప్పదియేండ్ల యుద్ధములో పోరాడిన ఫిన్లండు గుర్రపురౌతుల పేరది. వారి రణనినాదమునుండి ఆ పేరు పుట్టినది. 1967లో ఈ రబ్బరు కర్మాగారమును, కాగితపు మిల్లును, తీగల కర్మాగారమును ఒక్కటైనందున తరువాతి ఫోనులకును ఆ పేరు వచ్చెను. టైర్ల వ్యాపారము 1988లో వేరుపడినది.

గాళ్లు తీర్చినంత మాత్రమున పని తీరలేదు. ధనుర్మాసపు తెల్లవారుజామున మన ఇండ్లలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టియుండుట మీరెరుగుదురు. రబ్బరును అట్లే చలికి బిగిసికొనును. మామూలు టైరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన క్రమముగా గట్టిపడి బాటను పట్టుట తగ్గును. మంచు కనబడకున్నను అంతే. ఇది చాలమంది ఎరుగని మాట. అందుచేత శీతకాలపు టైరునకు చలిలోను మెత్తగా నుండు రబ్బరును, ఇసుకకు బంధువగు సిలికా పొడిని కలుపుదురు. పైభాగమున సన్నని కోతలు వందలకొలది కోయుదురు; నేలను తాకినప్పుడు అవి విచ్చుకొని అంచులతో మంచును పట్టును. 1920 తరువాతి దశాబ్దమున అట్టి కోతలకు హక్కు పొందిన జాన్ సైప్ పేర వానిని నేటికిని సైపులనియే పిలుచుచున్నారు. వేసవిలో ఈ మెత్తదనమే శత్రువు. ఎండబాటపై అట్టి టైరు త్వరగా అరుగును, ఆగుటకు ఎక్కువ దూరము తీసికొనును.

1960 ప్రాంతమున టైరులో ఇనుపమేకులు దిగవేయుట బయలుదేరెను. గాజువలె గడ్డకట్టిన బాటపై వానికి సాటి లేదు. కాని మేకులు బాటను గీకివేయును. జర్మనీ 1975లో వానిని నిషేధించెను. జపానులోని సెండాయ్ నగరమున శీతకాలమందు మేకులు గీకిన ధూళితో ఊపిరి సలుపక ప్రజలు మొరపెట్టిరి. 1990లో ఆ దేశమున దీనికై చట్టమే వచ్చెను. ఫిన్లండులో నేటికిని మేకులు చెల్లును. ఒక దేశపు ఔషధము మరియొక దేశమున అపథ్యమైనది.

ఇప్పుడు మా అల్లుని టైరు దగ్గరకు వత్తము. అమెరికాలో ఏటికి రెండుమార్లు చక్రములు మార్చుట జనులకు విసుగైనది. పలువురు వెనుక చక్రములకు మాత్రము మంచుటైర్లు వేసి తృప్తిపడుచుండిరి. 1977లో గుడ్‌ఇయరు కంపెనీవారు టియెంపో అను టైరును విడుదలచేసి, ఇది అన్ని ఋతువులకు చాలుననిరి. టియెంపో స్పానిషు మాట. దానికి కాలమనియు, వాతావరణమనియు రెండర్థములు. మనము కాలము అను ఒక్కమాటతో గడియారపు కాలమును, వానకాలమును చెప్పుకొనుట లేదా? ఆ పేరు చక్కగా పెట్టిరని నేను మెచ్చుకొంటిని. టైరు మంచిదే. కాని అది వేసవిటైరునకు, మంచుటైరునకు నడుమ కుదిర్చిన రాజీ. అప్పుడప్పుడు మంచు పడి, వెంటనే బాట శుభ్రపరచు ఊళ్లకు అది చాలును. నాలుగు నెలలు గడ్డకట్టు ఆటవాకు చాలదు. "సర్వర్తు" అను పేరున ఆ నాలుగు నెలలను ఎవరును ప్రత్యేకముగా లెక్కించలేదు.

ఆ టైరు పక్కగోడపై ఎం, ఎస్ అను రెండక్షరములు చెక్కబడియుండెను. బురద, మంచు అని వాని భావము. మా అల్లుడు వానిని చూచియే ధైర్యపడెను. ఆ అక్షరములు పైగాళ్ల ఆకారమును బట్టి ఇచ్చునవే గాని మంచుపై నడిపి పరీక్షించి ఇచ్చునవి కావు. ఈ లోపమును తీర్చుటకే 1999లో మరియొక గుర్తును ఏర్పరచిరి. మూడు శిఖరముల కొండ, దాని నడుమ మంచురేకు. అణగిన మంచుపై ఒక ప్రమాణపు టైరుకంటె ఇంత మేలుగా బండిని లాగవలెనని పరీక్షించిన తరువాతనే దీనిని ముద్రింతురు. జర్మనీలో 2024 అక్టోబరు నుండి శీతకాలపు బాటకు ఉత్త అక్షరములు చెల్లవు, కొండగుర్తు ఉండవలసినదే. ఆల్ వెదర్ అని అమ్మునవి సాధారణముగా ఈ గుర్తు గలవి. ఆల్ సీజన్ అని అమ్మువానిలో చాలవానికి లేదు. రెండు పేర్లును ఒక్క తీరుగనే వినబడును. పండితునికే భ్రాంతి కలిగించు పేర్లు పెట్టి పామరుని నిందించుట న్యాయము కాదు.

ఆటవా ఒక నది ఒడ్డున నున్నది. వంతెన దాటినచో కెబెక్ రాష్ట్రము. అక్కడ నమోదైన కార్లకు 2008 నుండి శీతకాలపు టైర్లు చట్టముచేత విధియైనవి. ఇప్పుడు డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు. ఇవతలి ఒడ్డున నున్న అంటారియోలో ఆటవాకు అట్టి చట్టము లేదు. నదికి రెండుప్రక్కల పడునది ఒకే మంచు. వంతెన మీద ప్రతిదినము పనికి పోవువారు ఈ వింతను గమనింతురో లేదో!

మరునాడు నేను భూతద్దము పట్టుకొని కారు ప్రక్కన చతికిలబడి మరియొకటి చదివితిని. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. మా అల్లునివి 3516. అనగా 2016లో ముప్పదియైదవ వారమున పుట్టినవి. ఒకరు వాడిన కారు కొన్నాడు గనుక టైర్లకు ఆరేండ్ల వయసు వచ్చెను. గాళ్లలోతు మూడు మిల్లీమీటర్లకు మించలేదు. శీతకాలపు టైరునకు ఆస్ట్రియా చట్టము నాలుగు కోరును. మన ఊరి టైరుబండికిని, ట్రాక్టరునకును ఈ అంకెలుండును, కొనునప్పుడు చదువుకొనవచ్చును.

మన ఊళ్లలో తిరుగు కార్లకు మంచుటైరు అక్కరలేదు. కొనినచో ఎండకు వృథాగా అరిగిపోవును. మీ పిల్లలున్న చోట ఏటికి పది దినములు మాత్రమే మంచు పడునట్లయిన కొండగుర్తు గల ఒకే జత ఏడాదిపొడుగున చాలును. నెలల తరబడి గడ్డకట్టు చోట వేసవికొక నాలుగు, చలికొక నాలుగు ఉండవలెను. రెండు చక్రములకే మంచుటైర్లు తొడిగి రెంటిని విడిచినచో తక్కిన రెండు పక్కకు జారి బండి తిరుగబడును. నాలుగును ఒక్కసారి మార్చవలెను. చలికి టైరులోని గాలియు ముడుచుకొనును. కావున నెలకొకమారు కొలిపించవలెను. "డబ్బు ఖర్చు గదా నాన్నగారూ" అని మీ అమ్మాయి అనవచ్చును. రెండు జతలు వంతులవారీగా అరుగును గనుక ఒక్కొక్కటి ఎక్కువ ఏండ్లు వచ్చునని చెప్పుడు.

మా అల్లుడు ఆ వారములోనే కొండగుర్తు గల నాలుగు టైర్లు తొడిగించెను. నేనే అడిగి, అదే వీధిలో అదే పల్లమున మరల కూర్చుండి వెళ్లితిని. ఎర్రదీపమునకు ఒక కారుపొడవు ముందుగనే నిలిచితిమి. పాత టైర్లను పారవేయించి, వేసవికి వేరే నాలుగు కొని ఇంటి క్రింది గదిలో నిలువుగా పేర్చిరి. వానిని ఎప్పుడు మార్చవలెనో మరువకుండుటకు మా అమ్మాయి నేను తీసికొనిపోయిన పంచాంగములో, ఉగాది వెళ్లిన మూడు వారములకు, పెన్సిలుతో ఒక చక్రము గీసికొన్నది.