ఫుడ్ స్టాంపుతో ఏవి కొనవచ్చు, ఏవి కొనకూడదు

అమెరికాలో పేదలు ఆహారం కొనుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని ఇప్పుడు స్నాప్ అంటారు. జనం నోట మాత్రం ఫుడ్ స్టాంపులు అన్న పాత పేరే నిలిచింది. రేషన్ దుకాణంలోలాగా ఇక్కడ సరుకులు తూచి ఇవ్వరు. నెలనెలా కార్డులో కొంత సొమ్ము జమ చేస్తారు, ఏం కొనుక్కోవాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. ఆ ఇష్టానికి హద్దు ఎక్కడన్న పేచీ మాత్రం పథకంతోపాటే పుట్టింది.

తొలి స్టాంపులు 1939 మే 16న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో చేతికొచ్చాయి. అది మహామాంద్యం కాలం. పట్టణాల్లో ఆకలి, పల్లెల్లో అమ్ముడుపోని పంట. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలస్ హయాంలో ఈ రెంటికీ కలిపి ఒకే మందు వేశారు. పేద కుటుంబం ఒక డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే, అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఉచితంగా వచ్చేవి. నారింజ స్టాంపులతో ఏ ఆహారమైనా కొనవచ్చు. నీలం స్టాంపులు మాత్రం ప్రభుత్వం మిగులుగా ప్రకటించిన సరుకులకే చెల్లేవి: గుడ్లు, వెన్న, ఎండు చిక్కుళ్లు, పిండి, నారింజ పండ్లు వగైరా. పేదవాడి పళ్లెంలోకి ఏది రావాలో రైతు దగ్గర మిగిలిపోయిన పంటే తేల్చిందన్నమాట. యుద్ధం వచ్చి మిగులూ నిరుద్యోగమూ తగ్గిపోవడంతో 1943లో పథకం ఆగిపోయింది.

1961లో కెనెడీ ప్రభుత్వం దాన్ని మళ్లీ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. వెస్ట్ వర్జీనియాలోని బొగ్గుగనుల ప్రాంతం మెక్‌డవెల్ కౌంటీలో మొదటి స్టాంపులు ఇచ్చారు. రంగుల తేడా, మిగులు సరుకుల నిబంధన అప్పటికి పోయాయి. 1964 చట్టం చర్చకు వచ్చినప్పుడు శీతల పానీయాలను, ‘విలాస’ ఆహారాన్ని నిషేధించాలని దిగువ సభ పట్టుబట్టింది. ఏది విలాసమో ఎవరు తేల్చాలి? చివరికి ఆ మాట చట్టంలోకి రాలేదు. మద్యం, పొగాకుతోపాటు దిగుమతి ఆహారాన్ని నిషేధించారు. ఈ చివరిది స్వదేశీ రైతు కోసం పెట్టింది, తర్వాత తీసేశారు. 1973లో విత్తనాలు, మొక్కలు చేరాయి. పెరట్లో నాటుకునే టమాటా మొక్కనూ స్టాంపులతో కొనవచ్చు.

స్టాంపులకు ముందుగా కొంత సొమ్ము కట్టాలన్న షరతును 1977 చట్టం ఎత్తేసింది. వండి వేడిగా అమ్మే పదార్థాలు కూడదన్న నియమమూ అందులోనే ఉంది. సాయం ఇంట్లో వండుకోవడానికేనన్నది దాని వెనకున్న ఆలోచన. దీంతో వచ్చిన చిక్కు విచిత్రమైనది: దుకాణంలో వేడిగా ఉంచిన కాల్చిన కోడిని కొనకూడదు, అదే కోడిని చల్లార్చి ప్యాక్ చేసి అమ్మితే కొనవచ్చు. ఇల్లు లేనివారికి, వృద్ధులకు, వికలాంగులకు కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన రెస్టారెంట్లలో తినే వీలుంది.

సబ్బులు, కాగితం సామాను, మందులు, పెంపుడు జంతువుల మేత మొదటినుంచీ తగాదా లేని నిషేధాలు. అసలు చిక్కు అంచున ఉన్నవాటితోనే. ఎనర్జీ డ్రింకు డబ్బా మీద ఆహారపు లేబులుంటే చెల్లుతుంది, సప్లిమెంటు లేబులుంటే చెల్లదు. తినడానికి పనికిరాని అలంకరణల విలువ ధరలో సగం దాటితే పుట్టినరోజు కేకు కూడా కొనకూడదు. అలాస్కాలో దుకాణాలకు దూరంగా వేట మీద బతికే పల్లెలవారికి వలలు, గాలాలు కొనే వీలుంది, తుపాకులు కొనే వీలు లేదు.

కాగితపు స్టాంపుల స్థానంలో 2004 నాటికి దేశమంతటా కార్డులు వచ్చాయి. 2008లో పేరు స్నాప్‌గా మారింది. శీతల పానీయాల పేచీ మాత్రం తెగలేదు. మిఠాయిలు, సోడా ఆపుతామని మిన్నెసోటా 2004లో అడిగింది, చక్కెర పానీయాలు ఆపుతామని న్యూయార్క్ నగరం 2010లో అడిగింది. ఆహారాన్ని మంచిది, చెడ్డది అని విడదీయడం దుకాణదారుకు తలనొప్పి అవుతుందన్న వాదన ప్రతిసారీ అడ్డొచ్చింది, వ్యవసాయ శాఖ రెండింటినీ కాదన్నది. 2025లో గాలి మారింది. సోడా, ఎనర్జీ డ్రింకులను ఆపడానికి నెబ్రాస్కాకు మొదటి అనుమతి దక్కింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి, ఒక్కోటి ఒక్కో రకం జాబితాతో.