పలకను చెక్కిన శిల్పి

శిల్పి ఎన్. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు దగ్గరి నందనూరులో పుట్టారు. 1941 నుంచి 1946 వరకు శాంతినికేతన్ కళాభవనంలో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. తర్వాత లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్, పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్, మిలాన్‌లో మారినో మారిని ఆయనకు శిల్పంలో గురువులయ్యారు. ముగ్గురు మహా శిల్పుల శిష్యుడికి పేరు ముద్రణలో రావడం విచిత్రమే. కానీ ఆ ముద్రణకు పునాది శిల్పమే.

పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ‘అతెలియే 17’ అనే ముద్రణశాలలో ఆయన చేరారు. అప్పటికి లోహపు పలకలతో రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే సాధారణంగా రంగుకో పలక చేసుకోవాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడినట్టే. ఒక్క పలకతో, ఒక్క ఒత్తుతో రంగులన్నీ తెచ్చే పద్ధతిని 1950లలో అక్కడే సాధించారు. అందులో కృష్ణారెడ్డిదీ, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీదీ ప్రధాన పాత్ర.

కిటుకు సిరా చిక్కదనంలో ఉంది. ముందు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. అట్టడుగు గీతల్లో సిరా నింపి పైభాగం తుడిచేస్తారు. అవిసె నూనెతో పలచన చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తుగా ఉన్న చోట్లకే అంటుతుంది. చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తే పల్లాల్లోకి దిగుతుంది, నూనె రంగు ఉన్న చోట మాత్రం పట్టదు. ఇక తడి కాగితం పరిచి ప్రెస్సులో ఒత్తడమే. లోతుల తేడాతో రూపాన్ని పలికించడం, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి గోడల మీది శిల్పాలు చూసిన శ్రీకాకుళం వారికి కొత్త సంగతి కాదు. ఆ లోతులకు రంగు పలికించడమే ఇక్కడి కొత్తదనం.

1963 నాటి ఆయన బొమ్మ ‘వర్ల్‌పూల్’లో సుడి నిజంగా పలకలోకి దిగే ఉంటుంది. పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి 1968లో ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చేశారు. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ పలక నుంచి రంగులు మార్చి మార్చి ఎన్నో అచ్చులు తీశారు. ఏ రెండూ ఒకేలా ఉండవు.

1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణ నేర్పారు. తన పద్ధతిని దాచుకోకుండా 1988లో పుస్తకంగా ప్రచురించారు. 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లోనే కన్నుమూశారు.

ఆయన బొమ్మలు ప్రదర్శించేవారు పక్కనే ఆ పలకలనూ పెట్టాలి. ఒట్టి కాగితం చూస్తే అందులోని శిల్పి సగమే కనిపిస్తాడు.